గోగుపాలెం నీళ్ళ చిన్నమ్మలు

గోగుపాలెం పంచాయతీ వాళ్ళు మంచినీళ్ళ మోటారు గది తాళం చిన్నమ్మలు చేతికిచ్చిన రోజున ఊళ్ళో సగంమంది నవ్వారు. మిగతా సగంమంది రేపటినుంచి నీళ్ళెలా వస్తాయోనని బెంగ పెట్టుకున్నారు.

"ఆడకూతురు మోటారేత్తాదంటండీ. ఇంకేం, ట్యాంకు నిండినట్టే" అన్నాడు కిళ్ళీ బడ్డీ దగ్గర ఒకడు.

"నిండకపోతే బిందెతో ఎక్కిచ్చేత్తాది లెండి" అని ఇంకొకడు అందుకున్నాడు.

చిన్నమ్మలు అప్పుడే ఆ దారిన పోతోంది. విన్నది. విననట్టే పోయి మోటారు గది తలుపు తీసింది.

అది పందొమ్మిదివందల ఎనభై రెండు. అప్పటికామె ఆ ఊరికి కాపురానికొచ్చి పదేళ్ళు దాటింది. పుట్టిల్లు ఆత్రేయపురం పక్కన. గోదావరి గట్టు దిగితే ఇల్లు, గట్టెక్కితే నీళ్ళు. నీళ్ళకోసం ఒకరిని అడగాలని గానీ, ఎదురుచూడాలని గానీ ఆమెకు తెలియదు. గోగుపాలెం అలాంటి ఊరు కాదు. రాజోలు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, పంటకాలవ ఇక ముందుకు పోలేనని ఆగిపోయేచోట ఉంటుంది. చుట్టూ కొబ్బరి తోటలు, కళ్ళు చల్లబడే పచ్చదనం. నూతిలో చేద వేస్తే మాత్రం ఉప్పునీళ్ళు.

అత్తారింట్లో మొదటిసారి పొయ్యి ముట్టించిన రోజున కందిపప్పు పడేసి ఎండు కొబ్బరి కమ్మలన్నీ తగలేసింది. పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. తన చేతివంట మీద తనకే అనుమానమొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారు వచ్చి కుండలోకి తొంగిచూసి నవ్వేసింది.

"నూతినీళ్ళతో ఎసరెట్టేవేంటే పిచ్చిదానా? ఈ ఊళ్ళో పప్పుడకాలంటే కాలవనీళ్ళుండాలి."

కాలవ కట్టేసిన ఎండాకాలంలో ఆ నీళ్ళు కూడా ఉండేవి కావు. ఆడవాళ్ళు నెత్తిమీదొకటి, చంకనొకటి బిందెలు పెట్టుకుని పక్క ఊరి చెరువుదాకా నడిచేవారు. చిన్నమ్మలు భర్త సత్తియ్య కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. ఆ పని అయ్యాక అతనూ కావిడేసుకుని భార్యతోపాటు నడిచేవాడు. "మీ ఊళ్ళో చెట్టుమీద నీళ్ళున్నాయి గానీ నేలమీద లేవయ్యా" అని చిన్నమ్మలు ఎత్తిపొడిస్తే, "అందుకేగదే నేను పైనుంటాను" అనేవాడు సత్తియ్య.

డెబ్భైలు వెళ్ళిపోతుండగా ఊరికి రక్షిత మంచినీటి పథకం మంజూరైంది. కాలవనీళ్ళు నిలవ చేసే చెరువు, నీళ్ళు వడగట్టే ఇసుక గదులు, మోటారు గది, కొబ్బరిచెట్లకంటే ఎత్తున ట్యాంకు, అక్కణ్ణుంచి వీధివీధికీ గొట్టాలు. చిన్నమ్మలు ఇసుక మోసే కూలీగా ఆ పనిలో చేరింది. కూలీలంతా తట్ట దించి ఇంటికెళ్తే ఆమె నిలబడి చూస్తుండేది. ఇసుక ఎందుకు, కింద కంకర ఎందుకు, వాల్వు ఎటు తిప్పితే ఏమవుతుంది, అన్నీ కావాలామెకు. పని చేయించే సూపర్‌వైజరు శరభయ్యగారు ఓపికమంతుడు. రాజోల్లో కాపురం, స్కూటరు మీద వచ్చి పోయేవాడు. ఎనిమిదో తరగతి చదివిన కూలి మనిషి నిలదీసి అడుగుతుంటే ఆయనకు ముచ్చటేసి, అన్నీ విడమరిచి చెప్పేవాడు.

కొళాయిలొచ్చాక చిన్నమ్మలును ఇసుక గదులు శుభ్రం చేసే పనికి ఉంచారు. మోటారు వేసేది చలపతి. అతను మంచి పనివాడు. ఎవరు కనిపిస్తే వాళ్ళకు పని నేర్పేవాడు. రెండుమూడేళ్ళకు మస్కట్టు వీసా రావడంతో పెట్టె సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ప్రెసిడెంటు జగన్మోహనరావుగారికి ఒకే మాట చెప్పాడు.

"నా తరవాత దీన్ని చూడగల మడిసి చిన్నమ్మలేనండి. ఇంకోణ్ణెడితే మోటారు కాలిపోద్దండి."

అలా తాళం ఆమె చేతికొచ్చింది. "తాత్కాలికం" అన్నారు. ఆ తాత్కాలికం ఏళ్ళ తరబడి సాగింది.

చిన్నమ్మలుకు మోటారు చప్పుడు ఇంట్లో మనిషి గొంతులా అలవాటైపోయింది. గొంతు ఎక్కడ బొంగురుపోయినా పట్టేసేది. ట్యాంకు గోడమీద పొడుగాటి తెల్ల పలక, దానిమీద గీతలు, ఆ గీతల వెంట కదిలే ఇనప ముల్లు ఉండేవి. ట్యాంకులో తేలే బెండుకూ ఈ ముల్లుకూ ఒకటే తాడు. లోపల నీళ్ళు పెరిగితే ముల్లు కిందికి దిగుతుంది, తగ్గితే పైకెక్కుతుంది. నీళ్ళు పొద్దునొక పూట, సాయంత్రమొక పూట వదిలేవారు. వదలబోయే ముందు ముల్లు ఎక్కడుందో, కట్టేశాక ఎక్కడికెక్కిందో మోటారు గది గోడమీద సుద్దముక్కతో గీసేది చిన్నమ్మలు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ గోడ చూసి, "ఏటి చిన్నమ్మలూ, ముగ్గులేత్తన్నావా?" అని నవ్వేవారు.

ముగ్గులే మరి. ఆ గీతలు చూస్తే ఊరి బతుకంతా తెలిసిపోయేది. నాట్లప్పుడు పొద్దున్న పూట వాడకం తక్కువ, సాయంత్రం ఎక్కువ. పండగ ముందు రోజున ఇళ్ళు కడుగుతారు గనుక ట్యాంకు సగానికి పైగా ఖాళీ. వాన పడితే చూరునీళ్ళు పట్టుకుంటారు, ముల్లు అంతగా కదలదు. ఏ రోజుకి ఎంత వాడకమో ఆమెకు ముందే తెలిసేది. ముల్లు అంతకంటే ఎక్కువెక్కితే, ఎందుకెక్కిందో తేలేదాకా నిద్రపట్టేది కాదు.

అయితే ఒకసారి ఆమె లెక్కా తప్పింది. ఎనభై నాలుగు వేసవిలో మోటారు ఎంతసేపు వేసినా ముల్లు కదల్లేదు. ఎక్కడో గొట్టం పగిలి నీళ్ళన్నీ పోతున్నాయని హడలిపోయి, ఊరంతటికీ నీళ్ళు కట్టేసి, శరభయ్యగారికి కబురెట్టింది. ఆయన ఎండలో పరిగెత్తుకొచ్చి చూస్తే కాకులు పెట్టిన గూటి పుల్లల్లో తాడు ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండి పైనుంచి పొర్లుతోంది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. "కాకి నీళ్ళు తాగేసిందంట" అని పిల్లలు పాట కట్టారు. చిన్నమ్మలుకు తల ఎత్తుకోవడం కష్టమైపోయింది.

శరభయ్యగారు మాత్రం నవ్వలేదు. "భయపడ్డం తప్పు కాదమ్మా. అయితే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేయకూడదు. ముల్లు ఏదైనా చెప్పిందనుకో, అది నిజమేనా అని ఇంకో సాక్షిని అడుగు. కొళాయిని అడుగు, మోటారునడుగు, బిందె పట్టుకున్న ఆడవాళ్ళనడుగు. అందరూ ఒకటే మాట చెప్తే ఇక ఎవరికోసమూ ఆగకు" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది.

ఎనభై ఆరు శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంకలు మునిగాయి, గట్లు తెగాయి. గోగుపాలెం కాస్త మెరక మీద ఉండటంతో ఇళ్ళు దక్కాయి. ఊరి పడమటి పక్క మురుగుకోడు మాత్రం ఎగదన్ని, పీచుకోసం కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంటలన్నింటినీ కలిపేసుకుని రోజుల తరబడి నిలబడిపోయింది. నీళ్ళు తీశాక ఊరు ఊపిరి పీల్చుకుంది. వరదవల్ల ఆగిపోయిన జగన్మోహనరావుగారి అమ్మాయి పెళ్ళికి శ్రావణంలో మిగిలిన ఆఖరి ముహూర్తం పెట్టారు. అది దాటితే భాద్రపదం, శూన్యమాసం. పెళ్ళివారికి కబుర్లు వెళ్ళాయి. పడమటి వీధిలో, ప్రెసిడెంటుగారి ఇంటిముందు కొబ్బరాకుల పందిరి లేచింది.

చిన్నమ్మలు గోడవైపు చూస్తే గీతలు తేడాగా ఉన్నాయి. వరద తరవాత ఊళ్ళో చాలామంది చుట్టాలిళ్ళనుంచి ఇంకా తిరిగి రాలేదు. వానలు పడుతూనే ఉన్నాయి. వాడకం తగ్గాలి. ముల్లు మాత్రం పండగనాటికంటే పైకెక్కుతోంది. మొదటి రోజు పెళ్ళివారిల్లు గదా, పందిరి కడుగుతున్నారనుకుంది. రెండో రోజు కూడా అంతే. కాకిగూడు గుర్తొచ్చి, సత్తియ్యను నిచ్చెన కింద నిలబెట్టి తనే ట్యాంకెక్కి చూసింది. తాడు బాగానే ఉంది. లోపల నీళ్ళు నిజంగానే అడుగంటి ఉన్నాయి.

పెళ్ళి రేపనగా, పొద్దున్నే నీళ్ళు వదిలి, పడమటి వీధి చివరి కొళాయి దగ్గరికి నడిచింది. అక్కడ ఆ వీధిలోనే ఉండే కామాక్షి బిందె పెట్టుకుని నిలబడింది. ధార సన్నగా, దారప్పోగులా వస్తోంది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా వత్తందే?" అని అడిగింది చిన్నమ్మలు.

"వరద తీసిన కాణ్ణుంచీనండి వదినా. పైగా మొదటి బిందె పారబోసేత్తన్నాం. అదోరకం కంపు. నిన్నటేల మా సంటిదానికి ఇరేచనాలు కూడానూ."

చిన్నమ్మలు దోసిలి పట్టి వాసన చూసింది. డొక్కల గుంట కంపు. ఆ కంపు కోనసీమలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మురుగుకోడు కిందనుంచి పోయే పడమటి వీధి గొట్టం అక్కడెక్కడో విడిపోయింది. నీళ్ళు వదిలినప్పుడు మంచినీళ్ళు బయటికి పోతున్నాయి. కట్టేసినప్పుడు గొట్టం ఖాళీ అయి, ఆ మురుగే లోపలికొస్తోంది. మర్నాడు పొద్దున్న మొదటి బిందెలో పడుతోంది అదే. రేపు ఆ నీళ్ళతోనే పెళ్ళి వంట. ఊరు ఊరంతా తింటుంది.

ఎవరినీ అడగలేదు. తిన్నగా పోయి పడమటి వీధి వాల్వు కట్టేసింది. సత్తియ్యను సైకిలు మీద రాజోలు పంపి, శరభయ్యగారిని తీసుకురమ్మంది. ఆ తరవాత ప్రెసిడెంటుగారింటికి నడిచింది.

పందిట్లో జగన్మోహనరావుగారు నీళ్ళు రావడం లేదన్న కబురు అప్పుడే విని మండిపడుతున్నారు.

"ఎవరు కట్టమన్నారు? రేపు పెళ్ళి పెట్టుకుని ఇవాళ నీళ్ళు కట్టేస్తావా?"

"ఆయ్, నేనే కట్టేనండి. ఆ నీళ్ళలో మురుగు కలుత్తందండి. తాగితే వాంతులు, ఇరేచనాలండి."

"మళ్ళీ కాకిగూడేమో చూసుకున్నావా?"

పందిట్లో ఉన్నవాళ్ళు ఫక్కుమన్నారు. చిన్నమ్మలు మొహం ఎర్రబడింది గానీ గొంతు తగ్గలేదు.

"చూసేనండి. ట్యాంకెక్కి మరీ చూసేనండి. వాడకం లేని రోజుల్లో నీళ్ళు తగ్గుతన్నాయండి. చివరి కొళాయికి ధార లేదండి. నీళ్ళు డొక్కల గుంట కంపండి. నన్ను తీసేత్తానంటే తీసేయండి, తాళం ఇదిగోనండి. ఆ వాల్వు మటుకు ఇప్పనియ్యకండి బాబూ, మీకు దణ్ణమెడతాను."

తాళం తీసి అరుగుమీద పెట్టింది. అప్పుడు వంటల పందిరి వైపునుంచి ప్రెసిడెంటుగారి భార్య ఇందిరాదేవిగారు వచ్చారు. పొద్దున్నే నింపించిన గంగాళాలు అక్కడ వరసగా ఉన్నాయి. ఆవిడ ఒక గంగాళం మీద మూత తీసి, వంగి వాసన చూసి, భర్త వైపు తిరిగారు.

"పొద్దున్న నాకూ ఈ వాసనొచ్చిందండీ. గాలి పడమట కోడు వైపునుంచి కొడుతోందనుకున్నాను. ఇవాళ గాలి తూర్పునుంచి గదా." ఆ తరవాత వంటవాళ్ళకేసి చూసి, "అన్నీ పారబోయండి" అన్నారు. "చిన్నమ్మలూ, ఆ తాళం తీసుకో. అది నీ దగ్గరే ఉండాలి."

గంగాళాలు ఒక్కొక్కటే ఒరిగాయి. జగన్మోహనరావుగారు తలపట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

శరభయ్యగారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సంగతంతా విని, "సాక్షులందరూ ఒకటే చెబుతున్నారన్నమాట. సరే, ఊరందరి ముందూ తేల్చేద్దాం" అన్నాడు. దండోరా వేయించి ఊళ్ళో ప్రతి కొళాయీ కట్టించారు. ఎక్కడా ఒక్క చెంబు కూడా పట్టకూడదన్నారు. అప్పుడు ట్యాంకు వాల్వు తిప్పారు. జనం తలలెత్తి ముల్లునే చూస్తున్నారు. అన్ని కొళాయిలూ కట్టేసినా ముల్లు మెల్లగా పైకెక్కుతోంది. చిన్నమ్మలు వెళ్ళి తూర్పు వీధి వాల్వు కట్టింది, ముల్లు ఆగలేదు. నడివీధిది కట్టింది, ఆగలేదు. పొద్దున్న తను కట్టేస్తే ఈ పరీక్షకోసం శరభయ్యగారు తెరిపించిన పడమటి వీధి వాల్వును మళ్ళీ బిగించింది. ముల్లు ఠక్కున నిలబడిపోయింది.

"ఆగిందిరోయ్!" అని ఎవరో అరిచారు. ఆ అరుపుతో ఊరు హోరెత్తిపోయింది.

ఆ వాల్వు మళ్ళీ కాస్త వదిలి, గొట్టం పోయే దారంతా గునపం నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటూ నడిచింది చిన్నమ్మలు. కోడు గట్టు దగ్గర ఆగింది. "ఇక్కడండి. లోపల నీళ్ళు గోలెట్టేత్తన్నాయండి." కుర్రాళ్ళు పారలు దింపారు. మోకాటి లోతు తవ్వేసరికి నల్లటి బురదలోంచి నీళ్ళు చిమ్మాయి. వరద తోపుకి గట్టు జారి, గొట్టం అతుకు విడిపోయింది. ఆ సందులో కుళ్ళిన కొబ్బరి పీచు వేలాడుతోంది.

జగన్మోహనరావుగారు గట్టుమీద నిలబడి ఆ పీచు చాలాసేపు చూశారు. "నా బిడ్డ పెళ్ళి భోజనంలోకి వచ్చేదా ఇది!" అన్నారు. తలపాగా తీసి చంకన పెట్టుకుని, "చిన్నమ్మలూ, ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పు, చేస్తాను" అన్నారు.

అతుకు వేసి, బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళతో గొట్టం కడిగేదాకా ఆ వీధికి కొళాయి నీళ్ళు లేవు. ఇసుక గదుల దగ్గర వడగట్టిన నీళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. "అక్కణ్ణుంచి మోసుకుందామండి. మనకి అలవాటేగా!" అంది చిన్నమ్మలు.

ఇక చూడాలి ఆ సంబరం. ఊళ్ళో బిందె ఉన్న ప్రతి ఆడమనిషీ కదిలింది. ఎడ్లబళ్ళ మీద డ్రమ్ములెక్కాయి. సత్తియ్య పాత కావిడి బద్ద దులిపి భుజానేసుకున్నాడు. సన్నాయివాళ్ళు బస్సు దిగుతూనే ఈ ఊరేగింపు చూసి, పెళ్ళి ఇదేననుకుని ముందు నడుస్తూ వాయించేశారు. సాయంత్రానికి దిగిన మగపెళ్ళివారు, విడిదిలో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇస్తుంటే సంగతి తెలుసుకుని, వాళ్ళలో కుర్రాళ్ళు కూడా చొక్కాలు విప్పి బళ్ళ వెంటపడ్డారు. ఇందిరాదేవిగారు పట్టుచీర కొంగు బిగించి తనూ ఒక బిందె ఎత్తారు. మర్నాడు పొద్దున్న ముహూర్తానికి మంగళస్నానం నీళ్ళ దగ్గర్నుంచి పప్పు ఎసరు దాకా ఏ లోటూ లేదు. భోజనాల్లో చిన్నమ్మలును వడ్డనకు రానివ్వకుండా ఇందిరాదేవిగారు చెయ్యి పట్టి మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, పూతరేకు తనే వడ్డించారు.

ఆ నెల్లో చుట్టుపక్కల పాలేల్లో వాంతులు, విరేచనాలు పెచ్చుపెరిగాయి. రాజోలు ఆసుపత్రి నడవాల్లో కూడా మంచాలు వేశారు. గోగుపాలెంలో కామాక్షి చంటిదానితో కలిపి పడమటి వీధిలో కొద్దిమందికి వచ్చి తగ్గింది. ప్రాణం పోయిన ఇల్లు ఒక్కటీ లేదు. ఆ ఆసుపత్రి డాక్టరుగారు స్వయంగా వచ్చి మోటారు గది గోడ చూసి, గీతలేమిటో చెప్పించుకుని, "ఈ గోడ ఆపినన్ని జబ్బులు నేను కుదర్చలేనమ్మా" అన్నారు.

మరుసటి ఏడాది పంచాయతీ తీర్మానం చేసి ఆమె ఉద్యోగం ఖాయం చేసింది. తీర్మానం చదివింది జగన్మోహనరావుగారే. మురుగుకోడు కింద పోయే గొట్టం తీసేసి, స్తంభాలు కట్టి పైనుంచి వేశారు. దాని వాల్వు మొదట చిన్నమ్మలే తిప్పాలని ఊరంతా పట్టుబట్టింది. ఆమె తిప్పగానే చివరి కొళాయి దగ్గర కామాక్షి బిందె గలగలమంటూ నిండిపోయింది. ఆడవాళ్ళు వేసిన కేకలు పంటకాలవ అవతలికి వినబడ్డాయి.

ఆ తరవాత శరభయ్యగారు కొత్తగా చేరిన మోటారు మనుషులను ఆమె దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. కొత్తపేట నుంచి వచ్చారు, ఐ.పోలవరం నుంచి వచ్చారు. వాళ్ళు రాగానే మోటారు గురించి అడగబోతే ఆమె ఆపేది.

"మోటారు సంగతి తరవాత చెప్తానండి. ముందు మీ ఊళ్ళో ఏరోజుకి ఎన్ని నీళ్ళు వాడతారో చెప్పండి. అది తెలిత్తేనే గదండీ, తేడా వచ్చిందని తెలిసేది."

అమలాపురంలో పెట్టిన శిక్షణ తరగతిలో ఆమెను వేదిక మీదికి పిలిచినప్పుడు మొదట నోరు పెగల్లేదు. ఎదురుగా వరసల నిండా మగవాళ్ళే. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఆ వరదనాటి ముల్లు గీతలు గీయడం మొదలుపెట్టాక మాటలు వాటంతట అవే వచ్చేశాయి. కాకిగూడు కథ కూడా తనే చెప్పి నవ్వించింది. ముగించి దిగుతుంటే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనకవరసలో కూర్చున్న సత్తియ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ పక్కనున్న ఆయనకు చెప్పాడు: "ఆవిడ మా ఇంటిదేనండి. ఆయ్, మాదే ఆ ఊరు."